‘జ్ఞాన నిర్వహణ’ అనవచ్చునా?

ప్రశ్న:

తెలుగు మాటలు వెతికే మన గుంపు సభ్యులకు నమస్కారం. ఒక చక్కెర మిల్లు కోసం నాణ్యతా చేతిపుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ఐఎస్‌ఓ 9001 అనే అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణానికి 2015లో వచ్చిన కూర్పులో 7.1.6 అనే అంశం కొత్తగా చేరింది. పని సక్రమంగా సాగడానికి ఏమేమి తెలిసి ఉండాలో సంస్థ గుర్తించాలని, దానిని పోగొట్టుకోకుండా నిలుపుకోవాలని, కావలసినవారికి కావలసిన మేరకు అందుబాటులో ఉంచాలని దాని సారం. మూలంలోని ‘ఆర్గనైజేషనల్ నాలెడ్జ్’కు ‘సంస్థాగత జ్ఞానం’ అనీ, ‘నాలెడ్జ్ మేనేజ్‌మెంట్’కు ‘జ్ఞాన నిర్వహణ’ అనీ రాసి ముసాయిదా పంపాను. పాన్ (చెరకు పాకాన్ని ఉడికించి చక్కెర గింజ కట్టించే పెద్ద పాత్ర) విభాగంలో 29 సీజన్లు చూసిన ఒక పెద్దాయన దానిని చదివి, “జ్ఞానం సంగతి స్వాములవారు చూసుకుంటారు గానీ, మీరు పాకం సంగతి రాయండి సార్” అన్నారు. అధికారులేమో అన్నిటినీ కలిపి ‘సమాచార నిర్వహణ’ అంటే సరిపోతుందంటున్నారు. నాకు రెండూ కుదరలేదనిపిస్తున్నది. పెద్దలు దారి చూపగలరు.

మొదటి జవాబు:

అయ్యా, ఆ పెద్దాయన హాస్యానికి అన్నప్పటికీ ఆయన వెనుక అమరసింహుడు నిలబడి ఉన్నాడు. ఆయన కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘మోక్షే ధీర్జ్ఞానమన్యత్ర విజ్ఞానం శిల్పశాస్త్రయోః’ అని ఉంది. మోక్షం వైపు తిరిగిన బుద్ధికి జ్ఞానమని పేరు, శిల్పంలోనూ శాస్త్రంలోనూ మెలిగే బుద్ధికి విజ్ఞానమని పేరు. శిల్పమంటే ఇక్కడ రాతిబొమ్మ చెక్కడం ఒక్కటే కాదు, నేర్పుతో చేసే చేతిపని ఏదైనా శిల్పమే కనుక పాకం పట్టడమూ అందులోకే వస్తుంది. ఈ తేడా మన చెవికి ఇంకా వినిపిస్తూనే ఉంది. ‘జ్ఞాని’ అంటే గడ్డం కనిపిస్తుంది, ‘జ్ఞానోదయం’ అంటే బోధివృక్షం కనిపిస్తుంది, స్టోర్స్ రిజిస్టరు మాత్రం ఎవరికీ కనిపించదు.

‘సమాచారం’ సంగతి వేరు. సంస్కృతంలో నడవడి, ఆచారం అనే అర్థాలున్న ఈ మాట మనకు కబురుగా స్థిరపడింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం దానికి ఇంకొక గట్టి హద్దు గీసింది. రికార్డులు, మెమోలు, ఈ-మెయిళ్లు, అభిప్రాయాలు, సలహాలు, లాగ్‌బుక్కులు, నమూనాలు, ఏ రూపంలో ఉన్నా సరే, చేతితో పట్టుకోగలిగినట్టుగానో తెర మీద చూడగలిగినట్టుగానో ఉన్నదే ఆ చట్టం దృష్టిలో సమాచారం. అలాంటి రికార్డులన్నిటికీ పట్టిక కట్టి సూచిక రాసి ఉంచాలని అదే చట్టం 4వ సెక్షను ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తుంది. మీ మిల్లులో చెరకు తూకం చీటీలు, బ్రిక్స్ (రసంలో కరిగి ఉన్న పదార్థపు పాలు) రీడింగులు, షిఫ్టు లాగ్‌బుక్కు, ఇవన్నీ అచ్చంగా సమాచారమే. వాటి వరకు అధికారుల మాట సరైనదే.

అయితే పాన్ దగ్గర జరిగేది దానిలో ఇమడదు. నేనొకసారి దగ్గర నిలబడి చూశాను. లోపల వాక్యూమ్‌లో ఉడుకుతున్న పాకాన్ని ప్రూఫ్‌స్టిక్‌తో కొద్దిగా బయటికి తీసి, గాజుపలక మీద పలచగా పూసి, దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని గింజ ఎలా కట్టిందో చూస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తీగ సాగదీసి, అది ఎక్కడ తెగుతుందో గమనిస్తారు. అరిసెలకు పాకం పట్టే అమ్మమ్మలు తీగపాకానికీ ముదురుపాకానికీ ఉన్న తేడాను నీళ్లలో వేసిన ఒక్క బొట్టుతో తేల్చినట్టే ఇదీ. పక్కనున్న మీటరు ఒక అంకె చూపుతుంది, ఆ అంకెను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో ఆ వేళ్లకు తెలుసు. ఆ తెలియడానికి తెలుగులో ఎంతో మంచి మాట ఉంది: ‘ఒడుపు’. ‘మెళకువ’ నోటితో చెప్పవచ్చు, ‘కిటుకు’ చెవిలో చెప్పవచ్చు, ‘ఒడుపు’ మాత్రం చేతికి పట్టుబడవలసిందే. ఆంగ్లంలో ‘టాసిట్ నాలెడ్జ్’ (మాటల్లో పెట్టలేని తెలివిడి) అన్నదానికి ‘అవ్యక్త జ్ఞానం’ అని రాసేవారున్నారు, ‘అవ్యక్తం’ అనగానే సాంఖ్య దర్శనంవారి ప్రకృతి తత్త్వం వచ్చి మీద పడుతుంది కనుక నాకది రుచించదు.

ఒడుపుకు సంబంధించి ఒక జపాను ముచ్చట చెప్పాలి. జపాను నిర్వహణశాస్త్ర పండితుడు ఇకుజిరో నొనాకా 1991లో రాసిన ఒక వ్యాసం వల్ల ఇది ప్రసిద్ధమైంది. మత్సుషితా అనే విద్యుత్ పరికరాల సంస్థ ఇంటివాడకానికి రొట్టె యంత్రం తయారు చేస్తున్నప్పుడు పిండి సరిగా కలవక, రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయేది. ఆ బృందంలోని ఒక ఉద్యోగిని ఒసాకాలో పేరున్న ఒక హోటలు రొట్టెల మాస్టరు దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని మెలితిప్పి సాగదీయడాన్ని కనిపెట్టింది. ‘మెలితిప్పి సాగదీయడం’ అన్న ఆ మాట పట్టుకునే ఇంజినీర్లు యంత్రం లోపల ప్రత్యేకమైన కమ్మీలు (రిబ్స్) అమర్చారు. ఒక మాస్టరు చేతిలోని ఒడుపు ఒక మాటగా మారాకే యంత్రంలోకి వెళ్లింది. మన గుంపులో ఇంతకంటే ఎక్కువగా సంతోషించవలసిన కథ మరొకటి ఉంటుందనుకోను.

కాబట్టి నా ఓటు ‘విజ్ఞాన నిర్వహణ’కు.

రెండవ జవాబు:

అమరకోశంతో పేచీ లేదు. కానీ బడికి వెళ్లిన తెలుగువాడికి విజ్ఞానమంటే విజ్ఞానశాస్త్రమే. ‘విజ్ఞాన నిర్వహణ విభాగం’ అని బోర్డు రాస్తే అది మిల్లు ప్రయోగశాల అనుకుని చెరకు శాంపిళ్లు పట్టుకుని వస్తారు. ‘సాంకేతిక పరిజ్ఞానం’, ‘కంప్యూటర్ పరిజ్ఞానం’ అంటూ ‘పరిజ్ఞానం’ అందరి నోటా ఉన్నదే కదా, దాన్ని వదిలి వేరేదాన్ని ఎందుకు వెతకాలి? ఉద్యోగ ప్రకటనలో ‘అకౌంట్స్ పరిజ్ఞానం ఉండవలెను’ అని రాస్తే దేవుణ్ణి తెలుసుకుని ఉండాలని ఎవరూ అనుకోరు.

మరొక చిన్న సందేహం ‘నిర్వహణ’ మీద. నాటకంలోని అయిదు సంధులలో చివరిది నిర్వహణ సంధి, అంటే కథను ఒడ్డుకు చేర్చడం, ముగింపు మాట. అందుకని ‘మేనేజ్‌మెంట్’కు వేరే మాట ఉందా అని చూశాను. వ్యవసాయశాఖవారు ‘నీటి యాజమాన్యం’, ‘పోషక యాజమాన్యం’ అని ఏనాటినుంచో రాస్తున్నారు, రైతులు దాన్ని ఒప్పుకున్నారు కూడా. అయినా ‘పరిజ్ఞాన యాజమాన్యం’ అంటే, ఉద్యోగి తలలో ఉన్నదానికి యజమాని ఎవరన్న తగాదా బయలుదేరుతుంది. ఆ తగాదా నిజమైనదే గానీ, దాన్ని చేతిపుస్తకం శీర్షికలో పెట్టుకోనక్కరలేదు. ‘నిర్వహణ’ చాలు.

మూడవ జవాబు:

నేను రెవెన్యూలో పనిచేసి దిగినవాణ్ణి. ఈ చర్చలో మా కరణాలను తలచుకోకపోతే ఎలా? 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను ఒక ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఆంధ్ర వైపు కరణాలు, తెలంగాణలో పట్వారీలు దస్త్రాలు అప్పగించి వెళ్లారు. ఆ అప్పగింతలు అయ్యాక కొన్నేళ్లకు నేను ఉద్యోగంలో చేరాను. అడంగళ్లు, పహాణీలు బీరువాల్లో ఉన్నాయి. ఫలానా సర్వే నంబరులో పడమటి గట్టు ఎందుకు వంకరగా ఉంది, పేరు మారకుండానే అన్నదమ్ములు ఎలా పంచుకున్నారు, చెరువు తూము నీళ్లు ఎవరి వంతు ఎప్పుడు అన్నవి మాత్రం ఏ కట్టలోనూ లేవు. పాత కరణంగారి అరుగు మీద కూర్చుని, ఆయన పోసిన మజ్జిగ తాగుతూ అడిగి తెలుసుకున్నాను. వంశపారంపర్యంగా ఊరి లెక్క ఒక ఇంటి గుప్పిట్లో ఉండిపోవడం అన్యాయమే, తీసేయడం న్యాయమే. కానీ దస్త్రం చేతులు మారినంత సులభంగా ఎరుక చేతులు మారలేదు.

‘ఎరుక’ అన్నాను కనుక ఒక మాట. కోస్తాలో అది సోదె చెప్పేవాళ్ల మాటగా మిగిలిపోయింది గానీ, తెలంగాణలో ‘నాకెరుకే’ అనడం ఇప్పటికీ రోజువారీ మాటే. మనిషిలో ఉన్నది ఎరుక, కాగితం మీద ఉన్నది సమాచారం. శీర్షికకు ‘పరిజ్ఞానం’ ఉంచుకోండి, లోపలి పాఠంలో ఎరుకకు కొంచెం చోటివ్వండి.

ప్రశ్న వేసినవారి మలి లేఖ:

అందరికీ కృతజ్ఞతలు. శీర్షికను ‘సంస్థ పరిజ్ఞాన నిర్వహణ’గా మార్చాను. రిజిస్టర్లు, లాగ్‌బుక్కుల భాగానికి ‘సమాచార నిర్వహణ’ అనే ఉంచాను. పాన్ విభాగం దగ్గర ‘పాకం దించే అదను చూడడంలోని ఒడుపును పదవీ విరమణకు ముందు రెండు సీజన్లలో కొత్తవారికి అందించాలి’ అని రాసి పెద్దాయనకు చదివి వినిపించాను. ఎరుకను వాక్యంలోకి తేవాలని చూశాను గానీ, “సోదెమ్మను తెచ్చారేమిటి” అన్నారు, తీసేశాను. ‘అందించాలి’ దగ్గర ఆయన ఆగి, అది గరిటె అందించినట్టు ఉందన్నారు. చివరికి ఆయన చెప్పినట్టే ‘ఒడుపు పట్టుబడేదాకా కొత్తవారిని పక్కన నిలబెట్టుకోవాలి’ అని దిద్ది, అలాగే అచ్చుకు పంపాను.