మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొడితే చదువు వస్తుందా?

వరంగల్ అమ్మ:
మా పాప ఎనిమిదో తరగతి, ప్రైవేట్ స్కూల్. ఎస్‌ఏ-1 పరీక్ష మార్కులు రాగానే పిల్లల్ని అటూ ఇటూ మార్చారు. ఏ సెక్షన్‌లో ఉన్న పిల్లని సి లో వేశారు. అడిగితే ఇన్‌ఛార్జి మేడమ్, "ఏ సెక్షన్ స్పీడ్ తను అందుకోలేకపోతోందమ్మా, ఇక్కడైతే టెన్షన్ లేకుండా చదువుకుంటుంది" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ లెక్కల సార్ మారిపోయారు, ఒలింపియాడ్ పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు, ఫీజు మాత్రం పైసా తగ్గలేదు. ఇక్కడ టీచర్లుంటే ఉన్నమాట చెప్పండి. ఇలా విడగొడితే పిల్లలకు లాభమా?

సుద్దముక్క:
లెక్కలు చెప్తాను, అదీ ప్రైవేట్‌లోనే. విడగొట్టడమే మంచిదంటాను, తిట్టుకున్నా సరే. ఎనిమిదిలో సమీకరణాల పాఠం తీసుకోండి. గదిలో నలభై అయిదు మంది. కొందరు ట్యూషన్‌లో ఆ పాఠం ముందే అవగొట్టి వచ్చి కిటికీలోంచి చూస్తుంటారు. ఇంకొందరు 52 లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాస్తారు. ఎందుకంటే రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తారు. మూడో తరగతిలో పడ్డ ఆ పొరపాటును ఎవరూ పట్టుకోలేదు. వాళ్లకి నేను "ఎక్స్‌ని అటు పంపితే గుర్తు మారుతుంది" అని చెప్పి ఏం లాభం? చివరికి మధ్యలో ఉన్నవాళ్లకే చెప్తాను, రెండు కొసలూ గాలికి పోతాయి. వేరుగా కూర్చోబెడితే కింది సెక్షన్‌లో రెండు వారాలు తీసివేతలు, భిన్నాలు చెప్పుకోవచ్చు.

లాస్ట్‌బెంచ్:
చెప్పుకోవచ్చు సార్. చెప్పారా అన్నదే ప్రశ్న. నేను ఇంటర్‌లో చివరి సెక్షన్. సీనియర్ లెక్చరర్లంతా ఐఐటీ బ్యాచ్‌కే. మాకు వచ్చినవాళ్లు నిలిచేవాళ్లు కాదు, పేరు గుర్తుపెట్టుకునేలోపే ఇంకొకరు వచ్చేవాళ్లు. భిన్నాలు ఎవరూ చెప్పలేదు. ఐఐటీ బ్యాచ్ వాళ్లకిచ్చిన మెటీరియలే మాకూ ఇచ్చి, "మీకు ముఖ్యమైన ప్రశ్నలు చాలు" అని టిక్కులు పెట్టించారు. వార్డెన్ దగ్గర్నుంచి క్యాంటీన్ అన్న దాకా అందరూ ముందు అడిగేది "ఏ సెక్షన్?" అనే.

దారినపోయే దానయ్య:
మీ ఇద్దరి మాటా నిజమే కావచ్చు. పశ్చిమ కెన్యాలో దీనిమీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. చేసినవాళ్లు ఎస్తేర్ డఫ్లో, పాస్కలీన్ ద్యుపా, మైకేల్ క్రెమర్. డఫ్లో, క్రెమర్‌లకు 2019లో అభిజిత్ బెనర్జీతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. సుమారు 120 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. సగం బళ్లలో మార్కుల్ని బట్టి, మిగతా సగంలో లాటరీ వేసి. ఏడాదిన్నర తర్వాత చూస్తే మార్కుల్ని బట్టి విడగొట్టిన బళ్లే ముందున్నాయి, పైసెక్షనే కాదు కిందిది కూడా. పిల్లలంతా దాదాపు ఒకే మెట్టు మీద ఉండటంతో టీచరు ఆ మెట్టు నుంచే పాఠం మొదలుపెట్టగలిగారన్నది వాళ్లు చెప్పిన కారణం.

సుద్దముక్క గారు సంబరపడేలోపు ఇంకో సంగతి. అక్కడ ఏ సెక్షన్‌కి ఏ టీచరన్నది కూడా లాటరీయే. మంచి సార్‌ని పైకి, కొత్త కుర్రాణ్ని కిందికి పంపే వీలే లేదు. మన దగ్గర విడగొట్టడం ఒక్కటే తీసుకున్నాం, లాటరీని వదిలేశాం. ఇక చాలా రాష్ట్రాల్లో పదేళ్లకే పిల్లల్ని వేర్వేరు రకాల బళ్లకు పంపే జర్మనీ లాంటి దేశాలను మిగతావాటితో పోల్చి చూసినవాళ్లు, చిన్న వయసులో విడగొడితే పిల్లల మధ్య తేడాలు పెరుగుతున్నాయనే అన్నారు. ఫిన్లాండ్ అయితే 1970లలోనే ఆ పద్ధతి మానేసి తొమ్మిదేళ్ల ఉమ్మడి బడి పెట్టుకుంది.

ఖమ్మం ఎస్‌జీటీ:
సర్కారు బడి నుంచి ఒక మాట. 2022లో తెలంగాణలో తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఒకటి నుంచి ఐదు దాకా పిల్లల స్థాయి చూసుకుని చెప్తున్నాం. ప్రథమ్ సంస్థ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదీ ఇలాంటిదే. మా బళ్లో నాలుగో తరగతి పిల్లాడొకడు గుణింతాల దగ్గరే ఆగిపోయాడు. తెలుగు పీరియడ్‌లో రెండో తరగతి వాళ్లతో కూర్చుని పదాల కార్డులు పేరుస్తాడు, గంట కొట్టగానే తన క్లాసుకి వెళ్లి అందరితోపాటు పరిసరాల విజ్ఞానం వింటాడు. చదవడం వచ్చాక ఆ గుంపులోంచి లేచిపోతాడు. వాడి నుదుటిన సి అని రాయలేదు. (రికార్డులు నింపడానికి పట్టే టైం గురించి అడక్కండి, అది వేరే ఏడుపు.)

సుద్దముక్క:
మేడమ్, మీకు ఆ వీలుంది. మా దగ్గర సీనియర్‌ని సి సెక్షన్‌కి వేస్తే తెల్లారేసరికి ఏ సెక్షన్ తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గదిలో ఉంటారు. టెన్త్‌లో 590 దాటినవాళ్ల ఫొటోలే ఫ్లెక్సీ ఎక్కుతాయి, అవి చూసే అడ్మిషన్లు వస్తాయి. 320 తెచ్చుకోవాల్సిన పిల్లాడు కష్టపడి 410 తెచ్చుకుంటే ఫ్లెక్సీ కట్టించిన స్కూల్ ఏదైనా ఉందా? అడిగేవాళ్లు లేరు, అందుకే చేసేవాళ్లూ లేరు.

లాస్ట్‌బెంచ్:
అంటే తప్పు మాదేనా ఇప్పుడు? పదమూడేళ్ల పిల్ల అడగాలా?

వరంగల్ అమ్మ:
అడగాల్సింది నేనే లెండి. శనివారం మీటింగ్ ఉంది. "మళ్లీ ఏ లో వేయండి" అని బతిమాలను. సి కి లెక్కలు ఎవరు చెప్తున్నారు, ఎస్‌ఏ-2 తర్వాత పైకి రావడానికి దారి ఉందా, ఇంతకుముందు అలా వచ్చినవాళ్లున్నారా అని అడుగుతాను.

సుద్దముక్క:
ఇంకోటి కలపండమ్మా. ఈ వారం ఏ లో ఏ పాఠం జరుగుతోంది, సి లో ఏ పాఠం అని అడగండి. పాప నోట్సు కూడా పట్టుకెళ్లండి. రెండుచోట్లా అదే పాఠం, అదే తేదీకి, అదే స్లిప్ టెస్ట్ అయితే ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పిన స్పీడ్ కథ నమ్మకండి.