కెర్బల్‌లో వంపు తిరిగేటప్పుడు రాకెట్ తలకిందులవుతోంది, ఏం చేయాలి?

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ (రాకెట్లు కట్టి ఎగరేసే వీడియో గేమ్) మొదటి భాగంలో, అందులోని చందమామ అయిన మున్ మీద దిగడానికి ల్యాండర్ కట్టాను. దాని కాళ్లు వెడల్పు కావడంతో దాన్ని కప్పే తొడుగు (ఫెయిరింగ్) కింది ట్యాంకులకన్నా లావుగా వచ్చింది. నిటారుగా చక్కగా లేస్తుంది. తూర్పుకు వంచి వేగం సెకనుకు 300 మీటర్లు దాటించగానే ముక్కు గాలికి పక్కకు పోయి రాకెట్ మొత్తం తిరగబడుతుంది. అడుగున నాలుగు రెక్కలు, మంట దిశ మార్చగల స్వివెల్ ఇంజన్, రాకెట్‌ను నిలకడగా ఉంచే ఎస్ఏఎస్ ఉన్నా ఆగట్లేదు.

పైభాగం మీద గాలి ఒత్తిడి ఎక్కువై, ఒత్తిడి కేంద్రం బరువు కేంద్రానికి పైన పడుతోందని నా అనుమానం. రెక్కలు పెంచాలా, థ్రాటిల్ (ఇంజన్ జోరు) తగ్గించాలా, ఇంకా ముందే కొద్దికొద్దిగా వంచాలా? కక్ష్యకే సెకనుకు సుమారు 3,400 మీటర్ల డెల్టా-వీ (రాకెట్ ఇంధనంతో మార్చుకోగల మొత్తం వేగం) కావాలి, అందుకే బరువు పెంచాలంటే టెన్షన్‌గా ఉంది. ల్యాండర్ డిజైన్ మాత్రం మార్చాలని లేదు, అది నాకు చాలా ఇష్టం. మీరైతే ముందు ఏది మారుస్తారు?