నాన్న అన్నవాహికలో పుండ్లు అన్నారు, ఇవి పూర్తిగా మానతాయా?

అందరికీ నమస్కారం. మా నాన్నకు 58 ఏళ్లు, పదేళ్లకు పైగా గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు. మంట వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ల కొనుక్కుని వేసుకోవడమే తప్ప ఏనాడూ డాక్టరుకు చూపించుకోలేదు. నెల రోజులుగా రాత్రి రెండింటికి లేచి, గోడకు దిండు ఆనించుకుని కూర్చుంటున్నారు, అన్నం ముద్ద గొంతు దిగాక ఛాతీ మధ్యలో ఆగినట్టుందని ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతున్నారు. అది చూశాక నేనే పట్టుబట్టి ఎండోస్కోపీ చేయించాను.

రిపోర్టులో ఈసోఫజైటిస్ (అంటే అన్నవాహిక వాపు), గ్రేడ్ బి అని ఉంది. అంటే లోపలి పొర 5 మిల్లీమీటర్ల కంటే పొడవుగా ఒరిసిపోయిందట. బయాప్సీకి ముక్క కూడా తీశారు. యాసిడ్ ఏళ్ల తరబడి తగిలితే ఆ పొరలోని కణాలు పేగు కణాల్లా మారిపోతాయని, దాన్ని బారెట్స్ అంటారని, కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా వెళ్లొచ్చని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 40 బిళ్ల పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేస్తున్నాం. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లకు మింగుడు ఎన్నాళ్లకు తేలికైంది? మళ్లీ ఎండోస్కోపీ చేశారా? బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టరును ఏమేం అడగాలి? రాత్రి తొమ్మిదిన్నరకు ఆవకాయ అన్నం తిని వెంటనే పడుకునే అలవాటు ఎలా మాన్పించాలో కూడా చెప్పండి, ప్లీజ్.