2030 నాటికి నీలకురింజికి కొండపై చోటు మిగులుతుందా?

కొండదారి:
నీలకురింజి పడమటి కనుమల గడ్డికొండలపై పన్నెండేళ్ళకోసారి పూసే నీలి పూల పొద. దాని 2018 పూత సమయంలోనే కేరళను వరదలు ముంచెత్తడంతో మా మున్నార్ ప్రయాణం ఆగిపోయింది కనుక, మా ఆశలన్నీ 2030 మీదనే ఉన్నాయి. అయితే 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నీలకురింజిని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. బయటి దేశాల నుంచి వచ్చిన వాటిల్ (ఆస్ట్రేలియా తుమ్మ జాతి చెట్టు), యూకలిప్టస్, లాంటానా పొద దాని తావును ఎంతవరకు ఆక్రమించాయో ఆ కొండలు ఎరిగినవారు చెప్పగలరా? పూత చూడటానికి మున్నార్ దగ్గరి ఇరవికుళం జాతీయ ఉద్యానం నయమా, కొడైకెనాల్ నయమా? హైదరాబాదులో ఈ మొక్క బతుకుతుందా?

కూనూరువాసి:
నీలగిరుల్లో లాంటానాకన్నా గోర్స్, స్కాచ్ బ్రూమ్ అనే ఐరోపా పొదలే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. వాటి పసుపు పూల ముందు పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు దిగుతుంటారు. వాటిల్ తోపులోకి వంగి చూడండి: నేలంతా రాలిన సన్నని ఆకుల పొర, గడ్డిపోచ కానరాదు, అంచున మిగిలిన కురింజి కాడలు వెలుతురు కోసం సాగి చివర నాలుగు ఆకులతో నిలబడి ఉంటాయి. ఆ తోపులన్నీ నరికేయాలి.

విశ్రాంత_రేంజర్:
ఉద్యోగ జీవితమంతా అడవుల్లో గడిపినవాడిగా చెబుతున్నాను, నరకడం ఇంట్లో కూర్చుని రాసినంత తేలిక కాదు. వాటిల్ విత్తనాలు మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉండి, ఎండ తగిలినా నిప్పు సోకినా ఒక్కసారిగా మొలుస్తాయి. పైగా కొడైకెనాల్ ఉన్న పళని కొండల్లో ముదురు వాటిల్ నీడన షోలా (కొండ మడతల్లోని పచ్చటి అడవి) మొక్కలు తిరిగి మొలుస్తున్నాయి. ఈ సంగతి తెలియనివారే గొడ్డలి పట్టమంటారు.

కూనూరువాసి:
అయ్యా, తమ అనుభవానికి నమస్కారం. నీడ కోరేది షోలా చెట్లు. కురింజి బయలు గడ్డినేల మొక్క. పూసి, విత్తనం రాల్చి తల్లిమొక్క చనిపోయాక, ఆ పిల్లమొక్కలకు మళ్ళీ పన్నెండేళ్ళు ఎండ తగలాలి. కలప లారీకెక్కించి చేతులు దులుపుకోవడం వేరు, ఏటా వానల తర్వాత మొలకలను చేత్తో పీకించడం వేరు. నేనడిగేది ఆ రెండవ పని.

తిరుగుబోతు:
పన్నెండేళ్ళన్నది అంతా ప్రచారమే. 2022 అక్టోబరులో ఇడుక్కి జిల్లా కళ్ళిప్పారలో కొండంతా పూయడం నేను కళ్ళారా చూశాను.

విశ్రాంత_రేంజర్:
ఒక్కొక్క కొండ గుంపుకు ఒక్కొక్క లెక్క ఉంటుంది. 1994, 2006, 2018 అన్నది ఇరవికుళం లెక్క. ఇంతకీ తమరు అక్కడ రెమ్మలు తుంచలేదు కదా? వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నీలకురింజి రక్షిత మొక్క అయింది.

తిరుగుబోతు:
నన్ను దొంగను చేయవలసిన అవసరం లేదు.

అనంతరైతు:
మా వైపు సర్కారు తుమ్మదీ ఇదే కథ. మొదలు నరికితే పిలకలు వేస్తుంది, మేకలు కాయలు తిని ఊరంతా విత్తుతాయి. వేరుతో పెకలించని పనికి డబ్బు ఖర్చు చేయడం దండగ.

కూనూరువాసి:
వాటిల్ ఒక్కటే చర్చిస్తే సరిపోదు. 2006లో ప్రకటించిన కురింజిమల అభయారణ్యం కాగితం మీద 3,200 హెక్టార్లు. ఇడుక్కి జిల్లా వట్టవడ గ్రామ పరిసరాల్లోని ప్రైవేటు భూముల్లో కలప కోసం యూకలిప్టస్ పెంచుతుండగా, అభయారణ్యం సరిహద్దుల తగవు ఏళ్ళ తరబడి సాగింది. రేంజర్ గారు దాని గురించి కూడా రెండు మాటలు రాయాలి.