అప్‌డేట్: బెంగళూరు నుంచి బందీపూర్, ముదుమలై మీదుగా ఊటీ

పిల్లలు, పెద్దవాళ్లతో సొంత కారులో ఊటీకి మసినగుడి దారి మంచిదా, గూడలూరు దారా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. రెండూ కావాలి, ఎక్కడానికొకటి, దిగడానికొకటి.

మసినగుడి నుంచి కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు. దూరం తక్కువ, ఏటవాలు మాత్రం చాలా ఎక్కువ. ఫస్ట్, సెకండ్ గేర్లలోనే ఎక్కాలి. ఇంజన్ వేడెక్కితే ఏసీ ఆపేయండి. దిగేటప్పుడు బయటి జిల్లాల బళ్లను ఆ దారిలో వదలరు, గూడలూరు మీదుగానే రావాలి. చాలా మంచి నిబంధన అది. బ్రేకు తొక్కిపట్టి దిగితే ప్యాడ్లు కాలి, బ్రేకు ఫ్లూయిడ్ మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి. ఆటోమేటిక్ అయితే 'డి'లో వదిలేయకుండా 'ఎల్' (లో గేర్) గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. న్యూట్రల్ వద్దే వద్దు.

బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూత. తిరుగు ప్రయాణంలో ఊటీ నుంచి మధ్యాహ్నం 3 కల్లా బయల్దేరితే కంగారుండదు. అడవిలో బండి ఆపకూడదు కాబట్టి పిల్లల అవసరాలు అడవికి ముందొచ్చే గుండ్లుపేటలోనే చూసుకోండి. నీలగిరి ఈ-పాస్ (జిల్లాలోకి బండి వెళ్లడానికి ఆన్‌లైన్ అనుమతి) ఇంటి దగ్గరే తీసుకోండి, నీళ్లకు ప్లాస్టిక్ కాకుండా స్టీలు సీసాలే.