గార పండ్లు, గ్రూప్ ఫోటోలు: నవ్వాల్నా వద్దా?

మర్రిగూడ_పిల్ల: మా బ్యాచ్‌ల ఎనిమిది మందిమి, ఏ ఫోటోల జూసినా నేనొక్కదాన్నే మూతి బిగవట్టి ఉంట. చిన్నప్పుడంత బోరు నీళ్లే, ముందటి పండ్లకు గోధుమరంగు గారలు. మొన్న ఫేర్‌వెల్ ఫోటోల నా పండ్లను ఫిల్టర్ కొట్టి తెల్లగ జేసి గ్రూపుల వెట్టింది నా దోస్తే, అడిగితే మంచికే చేసిన అన్నది, నాకైతే ఏడ్పొచ్చింది. దానితోని మాట్లాడాల్నా? గారలు పోతయా?

దేవరకొండ_అక్క: పెండ్లిచూపులల్ల అమ్మాయి నవ్వదా అన్నరు. నవ్విన. ఫోన్ చేస్తం అని పోయిన్రు. మూడేండ్లాయె.

పాలమూరు_పోరి: పండ్లదేముందక్కా, నా బీఎంఐ, అదే ఎత్తుకు బరువెంతని చూసే లెక్క, 26, మనోళ్లకు 23 దాటితెనే ఎక్కువంట. బతుకమ్మ కాడ మా మేనత్త అందరి ముందట నా జబ్బ వట్టి చూసి "ఏ చక్కిలో బియ్యమే" అన్నది. అప్పటిసంది ఆటకే పోతలేను

ఉప్పు_నిమ్మ: నిమ్మకాయ, ఉప్పు, బొగ్గుపొడి. నెల రుద్దు. డాక్టర్లకు పైసలు పెట్టకు.

బీడీఎస్_ఫైనలియర్: అయ్యో రుద్దకు! పైన పట్టిన పాచి గాదది, ఎనిమిదేండ్ల లోపల పన్ను తయారైతున్నప్పుడే దాని పైనుండే గట్టి పొర, ఎనామిల్‌ల పడ్డ మచ్చ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగితే గంతే. నిమ్మ పులుపుకు ఉన్న ఎనామిల్ గూడ కరుగుతది. పైపై మచ్చలకు మైక్రోఅబ్రేషన్, అంటే పైపొర సన్నగ అరుగదీసుడు; లోతుగుంటే పన్ను రంగు కాంపోజిట్ ఫిల్లింగ్, లేకుంటే ముందట అతికే పల్చటి వెనీర్లు. మా ఓపీల రోజూ చూస్తం.

ఉప్పు_నిమ్మ: ఇంక పాసే గాలే, అప్పుడే డాక్టరా? మా నాయనమ్మ వేపపుల్లతోనే తోమింది, పండ్లు ముత్యాలే

బీడీఎస్_ఫైనలియర్: మీ నాయనమ్మ ఏ నీళ్లు తాగిందో అడుగు ఫస్టు.

ఉప్పు_నిమ్మ: ఆమె జోలికి రాకు చెప్తున్న

చౌటుప్పల్_బుల్లెట్: మిషన్ భగీరథ నల్లా నీళ్ల పథకం పైలాన్ మా ఊర్లనే, 2015ల వెట్టిన్రు. ఇప్పుడు ఇంటింటికి కృష్ణ నీళ్లే, ఇంకేం ఏడుపు?

మర్రిగూడ_పిల్ల: అన్నా, మా చిన్న తమ్మునివి తెల్లగున్నయ్, నావి గిట్లనే. నీళ్లు మారితే వచ్చిన గార పోతదా? దోస్తుతోని మాట్లాడాల్నా అని అడిగినదానికి ఒక్కలు గూడ చెప్పకపోతిరి.

చండూరు_చిన్ని: నేను చెప్త. నేనూ గట్లనే మా దోస్తు మొఖం ఎడిట్ చేసిన, మొటిమలు తీసేసిన. ఏడాదాయె, మాట్లాడది. అది బాగలేదని కాదు, నాకే ఆమె పక్కన దిగుడు నామోషీ అనిపించింది, గిప్పుడు ఒప్పుకుంటున్న. మీ దోస్తును నేరుగ అడుగు.

మర్రిగూడ_పిల్ల: ఒరిజినల్ ఫోటో గ్రూపుల వెట్టిన. టైపింగ్ అని వస్తది, పోతది, గంట నుంచి

ఉప్పు_నిమ్మ: రాత్రిపూట రుద్దాలె, పొద్దుగాల గాదు