పరుగులో పిక్క పట్టేస్తే తప్పు ఉప్పుదా, అలసిన కండరానిదా?

వైజాగ్ రన్నర్:
మా రన్నింగ్ గ్రూపులో కొన్నాళ్లుగా ఇదే గొడవ. ఎవరికైనా పరుగు మధ్యలో పిక్క పట్టేస్తే చాలు, "ఉప్పు తగ్గింది, ఎలక్ట్రోలైట్ తాగు" అంటూ నలుగురు మీద పడతారు. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. రక్తం అన్ని కండరాలకూ ఒకటే కదా, ఉప్పు తగ్గితే ఒళ్లంతా తగ్గాలి కదా, మరి గంటల తరబడి పనిచేసిన ఆ పిక్కే ఎందుకు రాయిలా గట్టిపడుతుంది, చేతులు ఎందుకు హాయిగా ఉంటాయి? పైగా కాలి వేళ్లు పట్టుకుని పాదాన్ని మోకాలి వైపు లాగి పడితే కాసేపట్లో వదిలేస్తుంది. లాగినంత మాత్రాన ఒంట్లోకి ఉప్పు రాదుగా. నా ఉద్దేశంలో ఇది కండరం అలిసిపోయి, దాన్ని నడిపే నరం అదుపు తప్పడం వల్ల వచ్చేదే. ఉప్పు అనేవాళ్లు దీనికి జవాబు చెప్పండి.

గోదావరిఖని శ్రీను:
అన్నా, నువ్వు చెప్పేది పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాళ్ల సంగతి. మే నెలలో ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైకప్పు లేని బొగ్గు గనిలో, ఎండ నెత్తిన పెట్టుకుని షిఫ్ట్ చేసినవాణ్ని అడుగు. చొక్కా వీపు మీద చెమట ఆరి తెల్లగా చారలు కడతాయి, వేలితో గీకితే పొడి రాలుతుంది, అదంతా ఉప్పే. అలాంటి రోజు పట్టుకునేది ఒక్క పిక్క కాదు. ముందు చేతివేళ్లు కొంకర్లు పోతాయి, తర్వాత తొడలు, ఆఖరికి పొట్ట కండరాలు కూడా మెలిపెడతాయి, మనిషి నిటారుగా నిలబడలేడు. ఒట్టి నీళ్లు క్యాన్లకు క్యాన్లు తాగినవాళ్లకే ఇది ఎక్కువ, ఉప్పేసిన మజ్జిగో గంజో తాగినవాళ్లు తట్టుకుంటారు.

ఇది నా ఒక్కడి మాట కాదు. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1920ల్లోనే కార్మికులకు తాగే నీళ్లలో ఉప్పు కలిపి ఇచ్చి చూశారు, తగ్గింది. అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టేటప్పుడు ఎడారి వేడికి కూలీలు కుప్పకూలిపోతుంటే 1932లో హార్వర్డ్ నుంచి ఒక బృందం అక్కడికే వెళ్లి పరీక్షలు చేసింది. కండరాలు పట్టేసినవాళ్ల రక్తంలో ఉప్పు తక్కువగా ఉంది, మూత్రంలో అయితే దాదాపు లేనే లేదు. ఉప్పు ఇచ్చారు, కోలుకున్నారు. అప్పుడే తేలిపోయినదాన్ని ఇప్పుడు కొట్టేస్తే ఎలా?

జువాలజీ మాస్టారు:
శ్రీనూ, "అప్పుడే తేలిపోయింది" అనే మాట కండరాల విషయంలో నమ్మడానికి లేదు. కండరం లాక్టిక్ ఆమ్లంతోనే నడుస్తుందని ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్లు అనుకున్నారు, ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, కణాలకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం ఉందని 1929లో చూపించారు. పాత లెక్క మొత్తం మారిపోయింది.

అసలు లోపల జరిగేది ఇది. నాడి నుంచి కబురు రాగానే కండర కణంలో దాచి ఉంచిన కాల్షియం బయటికి వస్తుంది, దాంతో మయోసిన్ అనే ప్రోటీన్ తలలు యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ పోగులను పట్టుకుని లాగుతాయి, కండరం బిగుస్తుంది. బిగియడానికే శక్తి ఖర్చవుతుందని చాలామంది అనుకుంటారు, కానీ వదలడానికీ శక్తి కావాలి. మయోసిన్ పట్టు విడవాలంటే ఏటీపీ వచ్చి తగలాలి, కాల్షియాన్ని మళ్లీ లోపలికి తోడెయ్యాలన్నా ఏటీపీయే కావాలి. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారేది ఏటీపీ లేకే. అయితే పరుగులో పిక్క పట్టేసినప్పుడు ఏటీపీ అయిపోయిందని కాదు, నాడి కబుర్లు ఆపకుండా పంపుతూనే ఉంటుంది. కాబట్టి అడగాల్సింది నాడి ఎందుకు ఆగడం లేదని.

ఇక చెమట సంగతి. ఉప్పులో ఉండే సోడియం రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ (సుమారు 3.1 నుంచి 3.3 గ్రాములు) మధ్యనే ఉండేలా శరీరం చూసుకుంటుంది. చెమటలో అంతకంటే చాలా తక్కువ, సగటున లీటరుకు ఒక గ్రాము సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు, మనిషికీ మనిషికీ బాగా తేడా ఉంటుంది. ఉప్పు కంటే నీళ్లే ఎక్కువ పోతున్నప్పుడు రక్తంలో ఉప్పు శాతం పెరగాలి కానీ తగ్గకూడదు. అది తగ్గేది పోయిన ఉప్పు భర్తీ కాకుండా ఒట్టి నీళ్లు తెగ తాగినప్పుడు. నీ గనిలో క్యాన్లకు క్యాన్లు తాగినవాళ్లకు జరిగింది అదే. మూత్రంలో ఉప్పు లేకపోవడం కూడా అందుకే, ఆల్డోస్టిరాన్ హార్మోన్ మాట విని కిడ్నీలు ఒక్క రవ్వ కూడా బయటికి పోనివ్వవు.

హైదరాబాద్ ఫిజియో:
మాస్టారు గారు అడిగిన దగ్గర నుంచి నేను అందుకుంటాను. కండరం మధ్యలో స్పిండిల్స్ అనే సెన్సర్ల లాంటివి ఉంటాయి, అవి "ఇంకా బిగించు" అని వెన్నుపాముకి చెప్తుంటాయి. కండరం ఎముకకు అతుక్కునే టెండన్ దగ్గర గాల్జీ అవయవాలు ఉంటాయి, లాగుడు ఎక్కువైతే "ఇక చాలు, వదులు" అని చెప్పేది అవి. కండరం బాగా అలిసిపోతే మొదటివాటి గోల పెరిగి, రెండోవాటి మాట వినబడకుండా పోతుంది. పాదాన్ని పైకి లాగినప్పుడు టెండన్ సాగుతుంది, గాల్జీ అవయవాలు మళ్లీ గట్టిగా చెప్తాయి, పిక్క వదులుతుంది. వైజాగ్ రన్నర్ గారు చూసింది ఇదే. దక్షిణాఫ్రికాలో ష్వెల్నస్, ఆయన సహచరులు 1997లో ఈ సిద్ధాంతం ప్రతిపాదించారు. తర్వాత అక్కడి దూరపు పరుగుల్లో పిక్కలు పట్టినవాళ్ల రక్తాన్నీ పట్టనివాళ్ల రక్తాన్నీ పోల్చి చూస్తే సోడియంలో వైద్యపరంగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నా దగ్గరికి వచ్చే రన్నర్లలో ఎక్కువమంది అలవాటు లేని వేగంతో రేసు మొదలుపెట్టినవాళ్లే, నీళ్ల సీసా మర్చిపోయినవాళ్లు కాదు. వాళ్లకి ఉప్పు బిళ్లలు ఇచ్చి పంపితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది, మళ్లీ రేసులో మళ్లీ పడతారు. నాకు బాధ కలిగించేది అదే.

గోదావరిఖని శ్రీను:
మేడమ్, రక్తం తీసి చూస్తే తెలిసేది రక్తంలో ఉన్నదే. నాడి కొస కండరాన్ని తాకే చోట, కణాల చుట్టూ ఉండే ద్రవంలో ఏం మారిందో ఆ పరీక్షలో ఎలా తెలుస్తుంది? రక్తాన్ని సరిగ్గా ఉంచడానికే శరీరం ఆ చుట్టూ ఉన్న ద్రవాన్ని తోడేస్తుందని చెప్పే శాస్త్రవేత్తలూ ఉన్నారు. 2019లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగం చూడండి. కొద్దిమంది మగవాళ్లను వేడి గదిలో పరిగెత్తించి చెమట పట్టించారు, ఒకసారి ఒట్టి నీళ్లు, ఇంకోసారి ఓఆర్ఎస్ తాగించారు, ఆ తర్వాత పిక్కకు కరెంటు పెట్టి ఎప్పుడు పట్టేస్తుందో చూశారు. ఒట్టి నీళ్లు తాగినప్పుడు తేలిగ్గా పట్టేసింది, ఓఆర్ఎస్ తాగినప్పుడు అంత తేలిగ్గా పట్టలేదు. అన్నిటికీ అలసటే కారణమైతే ఇలా ఎందుకు జరగాలి?

నెల్లూరు సుధ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు పరుగులో పికిల్ జ్యూస్ తాగుతానంటాడు, అంటే వెనిగర్‌లో ఊరిన దోసకాయల నీళ్లు. తాగిన నిమిషంలో తగ్గిపోతుందట. అది ఉప్పు పనేనా? ఇంకోటి, మా నాన్నగారికి బీపీ, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని ఎవరో చెబితే పడుకునే ముందు ఉప్పు నీళ్లు తాగుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జువాలజీ మాస్టారు:
అమ్మా, ముందు నాన్నగారి చేత అది మాన్పించండి. ఈ చర్చలో ఎవరు గెలిచినా, చెమట పట్టకుండా మంచం మీద పడుకున్న బీపీ మనిషికి అదనపు ఉప్పు పనికిరాదు. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రాత్రిపూట పట్టేయడం వేరే సంగతి, వయసు, కొన్ని మందులు (ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి) కారణం కావచ్చు. వాడే బీపీ మాత్రల చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పికిల్ జ్యూస్ మీద 2010లో అమెరికాలో ప్రయోగం జరిగింది. కరెంటుతో తెప్పించిన పట్టు, ఒట్టి నీళ్లు తాగినప్పటి కంటే ఆ రసం తాగినప్పుడు దాదాపు 49 సెకన్లు ముందే వదిలింది. అంత త్వరగా ఉప్పు పేగుల్లోంచి రక్తంలోకి చేరి కండరం దాకా పోలేదు, రక్తంలో మార్పేమీ లేదు కూడా. గొంతులో ఆ ఘాటు తగలగానే ఏదో రిఫ్లెక్స్ పుట్టి వెన్నుపాములోని నాడులను శాంతింపజేస్తుందని వాళ్ల అంచనా. అంటే ఇక్కడ ఉప్పు నీళ్లు కూడా నరం ద్వారానే పనిచేశాయి శ్రీనూ.

వైజాగ్ రన్నర్:
చూశావా శ్రీనూ! ఆస్ట్రేలియా ప్రయోగం గురించి నేనూ ఒక మాట చెప్తా. అక్కడ పట్టు తెప్పించింది కరెంటుతో, పాల్గొన్నది కొద్దిమంది. మండుటెండలో గంటల తరబడి పని చేసేవాళ్లకు, ఒకేసారి చాలా చోట్ల కండరాలు పట్టేసేవాళ్లకు నీ మాటే సరి, అందులో వాదన లేదు. నా అభ్యంతరం మా గ్రూపు మీద. పొద్దున ఐదింటికి గంట సేపు పరిగెత్తి పిక్క పట్టిన కుర్రాడి చేతిలో ఉప్పు బిళ్ల పెడుతున్నారు, వాడి వేగం ఎంతో, వారంలో ఎంత దూరం పెంచాడో అడిగేవాడు లేడు. ఉప్పు అనగానే నీళ్లు కూడా తోసేస్తారు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గింది, పరిగెడుతూ తాగి తాగి బరువు పెరిగినవాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ. అది పిక్క పట్టడం లాంటి చిన్న బాధ కాదు, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది.

గోదావరిఖని శ్రీను:
ఒట్టి నీళ్లు తెగ తాగితే ముప్పని మొదటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదన్నా. నేను మాత్రం నా మాట వదలను, మా దగ్గర మే నెలలో మజ్జిగ కుండ తీసేసి "స్ట్రెచింగ్ చేసుకోండి" అంటే జనం పడిపోతారు. మీ గ్రూపులో తేలాలంటే ఒక పని చెయ్యి. పరుగుకు ముందూ తర్వాతా తడి బట్టలు విప్పి బరువు చూసుకోమను, ఎంత తాగారో రాసుకోమను. బరువు పెద్దగా తగ్గకుండా, ఒక్క పిక్కే పడితే ఫిజియో మేడమ్ దగ్గరికి పంపు. కిలోన్నర, రెండు కిలోలు తగ్గి, చొక్కా మీద తెల్ల చారలు కట్టి, రెండు మూడు చోట్ల పట్టేస్తే మాత్రం వాడికి ఓఆర్ఎస్ ఇవ్వు, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నిట్లోనే కలపాలి. డిసెంబరులోనూ మేలోనూ రాసిన లెక్కలు రెండూ ఇక్కడే పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.